ఏడుపు ఆగిన బండి

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఎత్తేశాక, దాని వెనక గోడ వారగా ఒక ఖాళీ జాగా మిగిలిపోయింది. చీకటి పడితే అటు ఎవరూ నడవరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే ఆటోవాళ్లు కూడా సందు మొదట్లోనే దింపేసి, "ఈడికే అన్నా, జర నడువు" అంటారు. ఎందుకని అడిగితే చెప్పరు. అడిగినవాడు కొత్తవాడని తెలిసిపోయి, జాలిగా ఒక చూపు చూసి ఆటో తిప్పుకుంటారు.

ఆ జాగాలో ఒక ఇల్లుబండి ఉంది.

చిన్న బస్సంత బండి. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, వేన్నీళ్ల గీజరు... కుటుంబంతో ఊళ్లు తిరగడానికి తయారు చేయించినది. కాగితాల్లో దాని పేరు క్యారవాన్. సందులో వాళ్లు మాత్రం ఇల్లుబండి అనే అన్నారు.

ఆ బండి ఏడ్చేది.

అన్ని రోజులూ కాదు. గాలి తిరిగిన రాత్రుళ్లు... సన్నగా, ఎవరో ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినట్టు... ఊఁ... ఊఁ... అని. విన్నది ఒకరిద్దరు కాదు, సందు సందంతా విన్నది. అది పండ్ల ముత్తమ్మ అని తేల్చేశారు. మార్కెట్లో ముప్ఫై ఏళ్లు బత్తాయిలు అమ్మిందట, మార్కెట్ పోయాక బెంగతో పోయిందట, ఆమె బుట్ట పెట్టుకున్న చోటే బండి నిలబెట్టారట. ముత్తమ్మ నిక్షేపంగా బతికే ఉందనీ, అల్మాస్‌గూడలో కొడుకు దగ్గర ఉంటోందనీ తెలిసినవాళ్లు చెప్పి చూశారు. ఎవరు వింటారు? కథ కుదిరాక ముత్తమ్మే వచ్చి నిలబడినా నమ్మేవాళ్లు కాదేమో.

బండి యజమాని పట్టాభి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో పాతికేళ్లుగా స్థిరపడ్డ మనిషి. ఆయనకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆయన భార్య కోటేశ్వరమ్మకు ఉంది. బాలాపూర్ అవతల నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించి, కార్తీకం వెళ్లిన అమావాస్యనాడు బండికి దిగ్బంధనం చేయించింది. ఎనిమిది దిక్కులా కట్టేశాను, ఇక లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు, అని చెప్పి వెళ్లాడట అతను.

నిజంగానే ఏడుపు ఆగిపోయింది. ఆ రాత్రి నుంచే... ఆగిపోయింది.

సందులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కోటేశ్వరమ్మ ఇంటింటికీ ప్రసాదం పంచింది.

ఐదో రోజు పొద్దున, ఆ బండిలో కాపలాదారు జోగారావు చనిపోయి కనిపించాడు.

ఇక్కడి నుంచి ఇది బాలమల్లు కథ. అతను చెప్పగా విన్నవాళ్లు చెప్పినట్టే చెప్పుకుందాం.

* * *

బాలమల్లు గ్యాసు పొయ్యిలు బాగుచేసే మనిషి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో చిన్న డబ్బా కొట్టు. ఇరవై ఆరేళ్ల పనితనం. గేటు దగ్గర నిలబడి, లోపల వంటింట్లో ఏ పైపు లీకవుతోందో చెప్పేవాడని పేరు. జనం అతన్ని ముక్కు మల్లన్న అనేవాళ్లు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం కూడా.

ఆ ముక్కు ఇప్పుడు లేదు.

మనిషికి ఉంది, పని చేయదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పదిహేను రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. అన్నీ తిరిగొచ్చాయి, వాసన రాలేదు. నెల చూశాడు, ఏడాది చూశాడు. మూడున్నరేళ్లయింది. ఈ సంగతి భార్య స్వరూపరాణికి తప్ప ఎవరికీ తెలియదు. వాసన తెలియని గ్యాసు మెకానిక్కును ఎవరు గడప తొక్కనిస్తారు?

అందుకని ఒక నాటకం నేర్చుకున్నాడు. ఏ ఇంటికి పోయినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గట్టిగా గాలి పీల్చి, "ఆఁ... వస్తుంది వాసన" అనేవాడు. ఆ తర్వాత సంచిలోంచి సబ్బు నీళ్ల డబ్బా తీసి, పైపుకీ రెగ్యులేటరుకీ నురగ పూసి, ఎక్కడ బుడగ లేస్తుందా అని చూసేవాడు. పని సరిగానే అయ్యేది. లీకుకి సబ్బు నురగను మించిన పరీక్ష లేదు. కానీ గడపలో ఆ అబద్ధం మాత్రం ప్రతిసారీ చెప్పక తప్పేది కాదు.

జోగారావు చనిపోవడానికి ముందురోజు ఆ బండిలో పనిచేసింది బాలమల్లే.

ఫ్రిజ్ చల్లబడటం లేదని పట్టాభి పిలిచాడు. ఆ ఫ్రిజ్ మన ఇళ్లలో ఉండేలాంటిది కాదు. అడుగున చిన్న గ్యాసు మంట వెలుగుతుంది, ఆ మంట వేడితోనే పైన చల్లబడుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ అది అంతే. బాలమల్లు ఆ మంట వచ్చే మూతి దగ్గర పట్టిన సాలెగూడు సన్నటి పిన్నుతో తీశాడు. బండి ఒక పక్కకు ఒరిగి ఉందని చూసి, చక్రం కింద చెక్క పెట్టించి సమంగా నిలబెట్టించాడు. ఒరిగి ఉంటే ఆ రకం ఫ్రిజ్ చల్లబడదు. బాగా వెతికితే తప్ప ఎవరికీ దొరకని తప్పు అది. దొరికినందుకు ఆ రోజు చాలా సంతోషపడ్డాడు కూడా.

పనంతా అయ్యేసరికి జోగారావు చుట్ట కాలుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీకాకుళం మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. బాలమల్లు పొగ చూశాడు. వాసన తెలియలేదు, పొగే చూశాడు.

"గ్యాసు కాడ చుట్టేందయ్యా? ఆర్పు ముందుగాల."

జోగారావు నాలుక్కరుచుకుని, చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

"రాత్రంత గీ మంట ఉండనియ్యి. తలుపేసుకుని ఈణ్ణే పండుకో, చలి గూడ ఉన్నది. పొద్దుగాల ఐసు కట్టిందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి."

"అలాగే బావు," అన్నాడు జోగారావు.

పొద్దున ఫోన్ రాలేదు.

* * *

పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. ఒంటి మీద గీత లేదు. ముఖం మాత్రం ఎర్రగా... ఎండలో నుంచి అప్పుడే వచ్చినట్టు ఎర్రగా ఉందట. పెదాల మీద నవ్వులాంటిది కూడా ఉందని శవాన్ని మోసినవాళ్లు అన్నారు. జోగారావు భార్య అమ్మాజీ, పోస్టుమార్టం కోత వద్దని అందరి కాళ్లూ పట్టుకుంది. దగ్గర్లోని డాక్టరెవరో వచ్చి చూసి, గుండె ఆగిందని రాసిచ్చాడు.

సందు దాని సంగతి అది చెప్పుకుంది. ముత్తమ్మను లోపల పెట్టి కట్టేశారు కదా, లోపల ఎవరు పడుకుంటే వాణ్ణి తీసుకుపోతుంది మరి. ఏడవడం మానేసింది గానీ పోలేదు... ఇంకా అందులోనే ఉంది. ఆ రోజు నుంచి పిల్లలు కూడా అటు బంతి పోతే తెచ్చుకోవడం మానేశారు.

బాలమల్లు ఆ కథ నమ్మలేదు. నమ్మగలిగితే బాగుండునని అనుకున్నాడు. అతనికి తెలిసిన కథ అంతకంటే ఘోరం. ఎక్కడో ఒక లీకు ఉంది. నురగకు దొరకలేదు. పాత మల్లన్న అయితే గుమ్మంలో అడుగుపెడుతూనే పసిగట్టేవాడు. ముక్కు లేనివాడు వెళ్లి, అంతా మంచిగుంది అని చెప్పి, మనిషిని తలుపేసుకుని పడుకోమన్నాడు.

తానే చంపాడు.

ఇరవై రోజులు అన్నం సయించలేదు. స్వరూపరాణి ఊరుకోమని చెప్పింది, కసిరింది, చివరికి తనూ ఏడ్చింది. అంత్యక్రియలప్పుడు అమ్మాజీ ఎదురుపడితే బాలమల్లు తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోయాడు.

అప్పుడు పట్టాభి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా బాలమల్లూ, ఈ రాత్రికి నేనూ మా ఆవిడా ఆ బండిలోనే పడుకుంటున్నాం. మేం పడుకుని లేస్తే గానీ ఈ జనం నోళ్లు మూతపడవు. తొమ్మిదింటికల్లా వస్తాం. నువ్వు ముందే వెళ్లి ఆ ఫ్రిజ్ ఒకసారి వెలిగించి ఉంచు. పొద్దున కాఫీకి పాలు పెట్టుకోవాలి."



వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ముక్కు సంగతి చెప్పాలి. "సరే సార్," అన్నాడు. తొమ్మిదిలోపల ఆ లీకు ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. లేకపోతే పొద్దున ఇంకో ఇద్దరు ఎర్రటి ముఖాలతో ఉంటారు.

* * *

ఏడు గంటలకు బాలమల్లు వచ్చేసరికే చీకటి కమ్మేసింది. సంక్రాంతి ముందరి చలి. గాలి గట్టిగానే తిరుగుతోంది.

జాగా మూలన రేకుల గదిలో అమ్మాజీ ఉంటోంది. బండి తాళం ఆమె దగ్గరే. బాలమల్లు తలుపు తట్టాడు.  ఆమె తాళం చేతిలో పెట్టి, అతని ముఖంలోకి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసుకుంది.

బండి నల్లగా నిలబడి ఉంది. గాలి దాని చుట్టూ తిరుగుతోంది, రేకుల్ని కొడుతోంది... అయినా బండి నుంచి చప్పుడు లేదు. ఒక్క చప్పుడూ లేదు.

లోపలికి వెళ్లి లైటు వేశాడు. మంచం మీద దుప్పటి తీసేశారు, పరుపు మాత్రం ఉంది. దాని మీద మనిషి పడుకున్న గుంట అలాగే ఉంది. బాలమల్లు అటు చూడకుండా పనిలో పడ్డాడు.

వెనక అరలో సిలిండరు. రెగ్యులేటరు. పైపు. ఒక్కో కీలు దగ్గరా నురగ పూశాడు, టార్చి వేసి చూశాడు. బుడగ లేదు. పొయ్యి వెలిగించాడు. మొదట కొంచెం తుస్సుమని, తర్వాత నీలంగా వెలిగింది. ఆర్పేశాడు. గీజరు పైపుకు నురగ. బుడగ లేదు. ఫ్రిజ్ వెనక, కింద, మూతి దగ్గర... లేదు. రెండోసారి మొదటి నుంచి చూశాడు. మూడోసారి చూశాడు.

ఎక్కడా లీకు లేదు.

 లీకు దొరికితే భయం ఉండేది కాదు, బిగించి వెళ్లిపోయేవాడు. లీకు లేకుండా మనిషెట్ల సచ్చిండు?

టైము చూశాడు. ఏడున్నర. ఫ్రిజ్ మంట వెలిగించాడు. నీలంగా, చిటికెన వేలంత మంట. తర్వాత అతను చేసిన పని ఎందుకు చేశాడో అతనికే సరిగ్గా తెలియదు. ముక్కు ఎలాగూ లేదు, ఇక మిగిలింది ఒళ్లే అనుకున్నాడట. జోగారావు ఎట్ల ఉన్నాడో తనూ అట్లే ఉండి చూడాలి.

తలుపు వేసుకున్నాడు. రెండో మంచం అంచున కూర్చున్నాడు.

నిశ్శబ్దం... చెవుల్లో దూది పెట్టుకున్నంత నిశ్శబ్దం. బయట గాలి తిరుగుతోందని తెలుసు, కానీ అది ఎక్కడో దూరంగా, వేరే ఊళ్లో తిరుగుతున్నట్టు ఉంది.

పది నిమిషాలు. ఇరవై. తల కొంచెం బరువెక్కింది. అన్నం తినలేదు కదా అనుకున్నాడు. వంగి మంట చూశాడు. మంట కొసన పసుపు రంగు.

పిన్నుతో మళ్లీ తీయాలి అనుకున్నాడు. లేచి తీద్దామనే అనుకున్నాడు. ఒక నిమిషం ఆగి... ఒక్క నిమిషం.

మంట మొత్తం పసుపయింది. ఊగుతోంది.

గుండెల మీద ఎవరో కూర్చున్నారు.

నిజంగానే కూర్చున్నట్టుంది... బరువుగా, మెత్తగా. కాళ్లు ఎవరివో. చేయి ఎత్తుదామంటే చేయి వినడం లేదు. ఎదురు మంచం మీద, ఆ గుంటలో, ఎవరో పడుకుని ఇటే చూస్తున్నట్టుంది. బాలమల్లుకు భయం వేయలేదట. ఆ మాటే అతను అందరికీ చెబుతాడు. భయం వేయలేదు, హాయిగా ఉంది. పడుకోవాలనిపించింది. జోగారావు దగ్గర క్షమాపణ అడగొచ్చు కదా అని కూడా అనిపించింది.

కళ్లు మూతలు పడ్డాయి.

అప్పుడు వచ్చింది... వాసన.

చుట్ట వాసన.

ఘాటుగా, ముక్కులోంచి నడినెత్తికి ఎక్కేంత ఘాటుగా. మూడున్నరేళ్ల తర్వాత మొదటి వాసన. దగ్గు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తెరిచాడు. తలుపు వైపు నుంచి వస్తోంది.

ఇరవై ఆరేళ్ల అలవాటు అతన్ని లేపింది గానీ ఆలోచన కాదు. గ్యాసు కాడ చుట్ట. ఎవడో తలకాయ లేనోడు గ్యాసు కాడ చుట్ట ముట్టించిండు. బాలమల్లుకు ఒళ్లు మండింది.

"ఎవడ్రా అది... ఆర్పు... ఆర్పు ముందుగాల..."

తిట్టడానికే లేచాడు. రెండడుగులు వేసి తలుపు మీద పడ్డాడు. గడియ ఎలా తీశాడో తెలియదు. తలుపు తెరుచుకుంది, బయట మట్టిలో బోర్లా పడ్డాడు.

అక్కడ ఎవరూ లేరు.

* * *

రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కాసేపటికి చలి తెలిసింది, ఆ తర్వాత తెలివి తెలిసింది. పాక్కుంటూ బండి వెనక్కి వెళ్లి, బయటి నుంచే అర తెరిచి సిలిండరు ఆపేశాడు. సంచిలో కిరసనాయిలు గుడ్డ ఉంటే ముక్కుకు అదిమిపెట్టి పీల్చాడు. ఏమీ లేదు. వట్టి గాలి. ముక్కు ఎప్పటిలాగే చచ్చి ఉంది.

మట్టిలోనే కూర్చుని ఆలోచించాడు. లీకు లేదు. గ్యాసు బయటికి రాలేదు. మంట పసుపయింది. మంట ఎప్పుడు పసుపవుతుంది? గాలి అందనప్పుడు. గాలి ఎందుకు అందదు? కాలిన పొగ పోవడానికి దారి లేనప్పుడు. పొగ పోకపోతే అదే మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఆ కాలిన గాలికి రంగు లేదు, వాసన లేదు, పీల్చినవాడు ముఖం ఎర్రబడి నిద్రలోనే పోతాడు... గ్యాసు ఏజెన్సీలో కుర్రతనంలో నేర్చుకున్న పాఠం ఇది. దాన్ని ఏ ముక్కూ పట్టలేదు. పాత మల్లన్న ముక్కు అయినా పట్టేది కాదు.

అంటే తప్పు ముక్కుది కాదు.

గుండె తేలికపడింది. ఒక్క క్షణమే. తల ఎత్తి పైకి చూశాడు... బండి పైకప్పు మీద ఫ్రిజ్ పొగ పోయే చిన్న రేకు గొట్టం ఉంటుంది. టార్చి వేశాడు.

గొట్టానికి పసుపు గుడ్డ చుట్టి ఉంది.

బండి వెనక ఉన్న నిచ్చెన మెట్లెక్కి చూశాడు. పసుపులో ముంచిన గుడ్డ గొట్టంలో కుక్కి, పైన మైనం పోసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి గుచ్చారు. దిగి బండి బయటి గోడ చూశాడు. ఫ్రిజ్‌కు గాలి అందే కంతల్లో కూడా పసుపు గుడ్డ. బండి కింద, అడుగున ఉండే కంతలోనూ అదే. బండికి ఊపిరాడే చోట్లన్నీ వెతికి వెతికి మూసేశాడు మంత్రగాడు. లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు.

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు... బండి సమంగా ఉందో లేదో చూడటానికి తాను ఇదే నిచ్చెన ఎక్కాడు. ఈ గుడ్డను చూశాడు. ఈ నిమ్మకాయను చూశాడు. ఏదో దేవుడి కట్టు, మనమెందుకు ముట్టుకోవాలి అనుకున్నాడు. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుని... దిగిపోయాడు.

ముక్కు చేసిన తప్పు కాదు. ఈ చేతులు చేసిన తప్పు.

సంచిలోంచి కత్తి తీశాడు. పైకెక్కి మైనం పగలగొట్టి గుడ్డ పట్టుకుని లాగాడు. బిగుసుకుపోయి ఉంది. ఇంకా గట్టిగా లాగాడు. మసితో నల్లబడిన గుడ్డ చేతిలోకి ఊడి వచ్చింది.

గాలి గొట్టంలోకి దూరింది.

ఊఁ... ఊఁ... ఊఁ...

చేతుల కిందే, మోకాళ్ల కిందే, బండి మొత్తం ఏడ్చింది. కారణం తెలిసి కూడా బాలమల్లు నిచ్చెన గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

* * *

"కట్టు విప్పేశావా?"

కింద కోటేశ్వరమ్మ. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో పాలగిన్నె. వెనక దుప్పట్ల మూటతో పట్టాభి. 

"ఎంత పని చేశావయ్యా... మళ్లీ ఏడుస్తోంది... విను..."

బాలమల్లు మెల్లగా దిగాడు. చేతిలో నల్లబడ్డ గుడ్డ అలాగే ఉంది.

"ఏడుపు కాదమ్మా. గిది ఫ్రిజ్‌ది పొగ పోయే తొవ్వ. గాలి తగిలితే గట్ల ఊదుతది, అంతే."

"నేను నా చెవులతో విన్నాను."

"నేను గూడ వింటున్న." గుడ్డ ఆమెకు చూపించాడు. "మీ కట్టు గీ తొవ్వకే కట్టిన్రు. పొగ బయటికి పోక, లోపట్నే తిరిగింది. ఇప్పుడు నేను సగం సచ్చి లేచిన." పైన గొట్టం వైపు చూపించాడు. "అమ్మా, ఒక్క మాట అడుగుత. ఇది ఏడ్చినన్ని దినాలు... ఎవలన్న సచ్చిన్రా?"

 కోటేశ్వరమ్మ పెదాలు కదులుతున్నాయి. రోజులు లెక్కపెట్టుకుంటోంది. అమావాస్య... ఐదు రోజులు... చేతిలో గిన్నె ఒరిగి పాలు మట్టిలో ఒలికాయి.

ముందుగా తేరుకున్నది పట్టాభి. మూట కింద పెట్టి, దగ్గరికి వచ్చి, బాలమల్లు భుజం మీద చేయి వేశాడు. గుసగుసగా అన్నాడు.

"మల్లూ... అయిపోయిందేదో అయిపోయింది. పోయినవాడు తిరిగి రాడు. ఈ మాట మన ముగ్గురి మధ్యే ఉండనీ."

బాలమల్లుకు ఆ మాట ఎంత తీపిగా వినిపించిందో! ఊరుకుంటే చాలు. ముక్కు సంగతి ఎవరికీ తెలియదు, దండం సంగతి ఎవరికీ తెలియదు. ముత్తమ్మే తీసుకుపోయిందని సందు ఎలాగూ చెప్పుకుంటోంది.

"ఆయన సెప్పినాడు."

ముగ్గురూ తిరిగి చూశారు. చీకట్లో, బండి మెట్టు పక్కన అమ్మాజీ నిలబడి ఉంది. ఏడుపు విని వచ్చినట్టుంది. ఎప్పటి నుంచి అక్కడుందో తెలియదు.

"ఆ ఏడుపు వింటూ తొంగునేవోడు," అంది అమ్మాజీ, బండి వైపే చూస్తూ. "గాలికే అలగ కూస్తాది, బెంగ నేదు, అనీవోడు. ఆగిపోయిన కాణ్ణుంచి నిద్దర నేదు ఆయనకి. ఏటో బాగోనేదే అమ్మాజీ, బండి ఊపిరి తియ్యట్నేదు, అన్నాడు. నాను నవ్వినాను."

 పైన గొట్టం ఊదుతూనే ఉంది.

బాలమల్లు అమ్మాజీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నేను చూసిన చెల్లె. ముందురోజే పైకెక్కి చూసిన గీ గుడ్డ. తియ్యకుంట దండం పెట్టి దిగిన. తలుపేసుకుని పండుకోమన్నది గూడ నేనే."

"కట్టించింది నేను," అంది కోటేశ్వరమ్మ.  ఒలికిన పాల పక్కనే మట్టిలో కూలబడి, తల మీద కొంగు కప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. పట్టాభి ఆమెను లేపడానికి వంగి, లేపలేక, పక్కనే నిలబడిపోయాడు. పైనా కిందా రెండు ఏడుపులు కలిసిపోయి, ఏది ఏదో తెలియలేదు.

అమ్మాజీ అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాలమల్లు ఇప్పటికీ అంటాడు.

చివరికి అతను ఆగలేక అడిగేశాడు.

"చెల్లె... ఇందాక ఈడ ఎవలన్న చుట్ట తాగిన్రా?"

"ఎవులు తాగుతారు?" అంది అమ్మాజీ. "ఆయన చుట్టల కట్ట ఆయన కాష్టంలోనే ఏసీసినాను. ఈ సందులో ఇంకెవులికీ ఆ అలవాటు నేదు." అప్పుడు మాత్రం కళ్లు బండి మీంచి అతని మీదికి తిప్పింది. "ఏం, వాసనొచ్చిందేటి?"

మూడున్నరేళ్లుగా గడప గడపలో చెప్పిన మాటే నోటికి వచ్చింది. ఈసారి అది అబద్ధం కాదు.

"ఆఁ," అన్నాడు బాలమల్లు. "వచ్చింది."

"ఎటు నుంచి?"

"తలుపు కాడి నుంచి. తిట్టనీకి లేచిన. లేకుంటే లేవకపోదును."

అమ్మాజీ మెల్లగా వెళ్లి, తెరిచి ఉన్న ఆ తలుపు ముందు, మెట్టు మీద ఒక పక్కకు జరిగి కూర్చుంది. పక్కన ఇంకొకరు కూర్చోవడానికి జాగా వదిలి.

"అయితే ఇంకా డూటీ దిగనేదన్నమాట," అంది.